సోఫాలో వంటామె

“అమ్మగారూ, కాలు మీద కాలేసుకోవాలా, మామూలుగా కూర్చోవాలా?” అని అడిగింది వంటామె సోఫాలోంచి.

“అమ్మగారూ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు! ఈ గంటసేపూ నువ్వే ఇంటావిడవి. నేను నీ పనిమనిషిని,” అంది అమ్మగారు, వంటామె ఏప్రన్ తన నడుముకు బిగించుకుంటూ. ఆ మాట అనేటప్పటికి ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

ఆ దేశంలో పరదేశీయులు ఉద్యోగం చేయవచ్చు, పన్నులు కట్టవచ్చు. ఇల్లు మాత్రం కొనకూడదు. కొన్నట్టు తేలితే సర్కారు జప్తు చేస్తుంది. పరాయి దేశం నుంచి వచ్చిన అయ్యగారూ అమ్మగారూ ఇరవై ఏళ్ళ సంపాదనంతా పోసి ఇల్లు కొని, మహా తెలివిగా వంటామె పేరు మీద రాయించారు. ఆమె ఆ దేశపు మనిషి, పైగా నోట్లో నాలుక లేనిదని వాళ్ళ ధీమా. మూడు నెలల క్రితం ఈ తనిఖీ ఇన్‌స్పెక్టర్ ఊడిపడేదాకా అంతా సాఫీగానే నడిచింది. అప్పట్నుంచీ ఆయన వస్తున్నానని ఫోన్ చేసినప్పుడల్లా ఇంట్లో ఈ వేషాలే.

“రేపు ఇరవై మంది భోజనానికి వస్తున్నారు, ఇవాళే తగలడాలా ఈయన?” అని గొణిగాడు అయ్యగారు. ఆయన తోటమాలి వేషంలో ఉన్నాడు. “నడుం పట్టేసింది, రెండు రోజులు సెలవివ్వమని నిన్న ఈ వంటామె అడిగితే కసిరావు. ఇప్పుడు నువ్వే సోఫా ఎక్కించావు. అసలు ఆయన గుర్తింపు కార్డు చూశావా?”

“మన కాగితాలు తిరగెయ్యకుండా పోతే చాలని నేను వణికి చస్తుంటే, ఆయన కార్డు అడిగేదెవరు?”

బెల్లు మోగింది. ఇన్‌స్పెక్టర్ చంకలో ఫైలుతో వచ్చి, కిటికీ అంచు మీద వేలు రాసి చూశాడు.

“దుమ్ము చూడమ్మాయ్! ఇంటావిడ మెతకదని అలుసా?”

అమ్మగారు పళ్ళు నూరుకుంటూ తుడిచింది.

“మేడమ్, మీరు పడుకునేది ఏ గదిలో?”

“వెనక...” అనబోయి నాలుక కరుచుకుంది వంటామె. “ముందు గదిలోనే సార్, ఏసీ ఉన్నదాంట్లో.”

ఇన్‌స్పెక్టర్ ఫైల్లో ఏదో రాసుకున్నాడు.

“నాకేదో తేడాగా ఉంది. రేపూ ఎల్లుండీ ఏ వేళప్పుడైనా వస్తాను. ఈవిడ వంటింట్లో కనబడిందో, ఇల్లు జప్తే!”

“అయ్యో, ఆవిణ్ణి గరిటె ముట్టుకోనిస్తామా సార్!” అన్నారు భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే.

రేపటి వంట తలుచుకుని అమ్మగారికి నిజంగానే ఏడుపొచ్చింది. అయ్యగారు ఉల్లిపాయల బుట్ట ముందేసుకున్నాడు.

ఇంటావిడ కాబట్టి వంటామె మర్యాదగా గేటు దాకా సాగనంపింది. ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు.

“రెండు రోజులు సరిపోతాయా, వదినా?”