ముక్కు మీద నమ్మకం

పాత జీపు నుంచి విప్పిన పెట్రోలు ట్యాంకు మరోదా ఉక్కు కాలనీ క్వార్టరు పెరట్లో బోర్లా పడి ఉంది. అడుగున తుప్పు తిన్నచోట చిల్లు పడింది. రిటైరైన వెల్డరు అప్పలకొండ దాన్ని అతికేముందు సబ్బునీళ్లతో కడిగి, చిల్లు దగ్గర వంగి గట్టిగా పీల్చాడు. కార్ఖానాలో అందరూ నమ్మింది ఆ ముక్కునే.

“వాసనేటీ నేదు. టార్చి ముట్టించు.”

కూతురు భాగ్యరేఖ లైటరు పట్టుకుని దగ్గరికొచ్చి, అంతలోనే వెనక్కి గెంతింది.

“రుకో నాన్నా! పెట్రోలు గుప్పుమంటంది. నీకు తెలవట్లేదా?”

“ఏటే నీ గోల?”

మళ్లీ పీల్చాడు. ఏమీ లేదు. నురగ అంటిన అరచేతిని ముక్కుకి ఆనించుకున్నాడు. సబ్బు వాసన కూడా రాలేదు.

చప్పున ఇంటివైపు తిరిగాడు.

“మీ అమ్మేదే?”

“చాయ్ పెడతానని ఇప్పుడే లోపలికెళ్లింది. క్యా హువా?”

అప్పలకొండ కేక వేస్తూ ఇంట్లోకి పరుగెత్తాడు.

ఇందాక వంటింట్లో గ్యాసు వాసనొస్తోందని భార్య పిలిస్తే, సిలిండరు దగ్గర వంగి పీల్చి, వాసనేటీ నేదని చెప్పింది అతనే.

ఆమె నమ్మింది.