తవుడి తద్దినం

ఏటా తవుడి తద్దినానికి దాలినాయుడు వచ్చేవాడు. సరిహద్దులో తన ఒళ్లోనే ప్రాణం విడిచిన స్నేహితుణ్ణి తలుచుకుని వెక్కివెక్కి ఏడ్చేవాడు. తవుడి తల్లి సూరీడమ్మకి ఆ ఏడుపే ఆసరా. పటాలంలో తక్కినవాళ్లంతా ఎప్పుడో దుఃఖాన్ని తీసేసే పుట్టగొడుగుల మందు పుచ్చుకుని తేలికపడిపోయారు. మిలిటరీ ఆసుపత్రుల్లో ఇప్పుడది జ్వరం మాత్రలా ఇచ్చేస్తున్నారు.

ఈసారి దాలినాయుడు నవ్వుమొహంతో వచ్చాడు. విస్తరి ముందు కూర్చుని, బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు తవుడు పోయిన సంగతి చెప్పాడు. చెబుతూనే ఇంకో గారె వేయించుకున్నాడు.

"మందు ఏసుకున్నావేటి బాబూ?" అంది సూరీడమ్మ.

"అవును పెద్దమ్మా. నిద్దర పడతంది. మా పాప కూడా నన్ను సూసి బెదరట్లేదు."

"మంచి పని సేసినావు." ఆ మాట ఆమె మనసారానే అంది.

"నువ్వూ ఏసుకో. ఇప్పుడు సిపాయిల అమ్మలకీ ఇస్తన్నారు. నేను తీసుకెళ్తాను."

సూరీడమ్మ దండేసిన ఫొటోకేసి చూసింది.

"నేనూ ఏసేసుకుంటే ఆడికింకెవరున్నారు బాబూ?"

దాలినాయుడు పెరుగు వడ్డించమని విస్తరి ముందుకు జరిపాడు.