మిఠాయి మీద మైనం

"తాగే నీళ్ళు ఎక్కడివి మీకు?"

మేస్త్రీ వైపు చూడలేదు బెలర్మీనో. చూడొద్దని పొద్దున్నే చెప్పారు.

"ఫిల్టరు నీళ్ళమ్మా. షెడ్డులో పెట్టారు."

తనిఖీకని వచ్చిన ఆవిడ అట్ట మీది కాగితాల్లో రాసుకుంది. కర్నౌబా తాటిచెట్ల ఆకు కోసి, ఎండబెట్టి, దులిపి, ఆ పొడిని మైనంగా కాచే పన్నెండుమందీ వరసగా నిలబడ్డారు. అందరి కాళ్ళకీ ఆ ఉదయమే పంచిన కొత్త బూట్లు. బ్రెజిల్‌లోని ఈ పియౌయీలో నలభై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నవాడు, మాటతీరు తెలిసినవాడు అని మేస్త్రీ జెనివల్, బెలర్మీనోనే మాట్లాడమన్నాడు. తేడా వస్తే వచ్చే కోతకి ఒక్కరికీ పిలుపుండదనీ అన్నాడు.

"పడుకునేది?"

"గదులిచ్చారు." రాత్రి పడుకోడానికి చెట్లకు కట్టుకున్న ఉయ్యాలలు తెల్లారకముందే విప్పి దాచారు.

ఆవిడ వరసలో ఉన్న అడౌతో అనే కుర్రాడి ముందు ఆగింది. "ఇతని కన్నుకేమైంది?"

నిరుడు దోటితో కోస్తుంటే ముళ్ళ మట్ట జారి ఆ కంట్లోనే పడింది. బెలర్మీనో ఒకడుగు ముందుకేశాడు.

"అది చిన్నప్పటిదమ్మా. అలాగే పనిలోకొచ్చాడు."

అడౌతో తల దించుకున్నాడు.

ఆవిడ సంచీలోంచి రంగురంగుల చాక్లెట్ గోళీలు తీసి బెలర్మీనో అరచేతిలో పోసింది. "వీటి మీద పూత మీ మైనమే. అందుకే ఇంత నిగనిగ. పిల్లలు తినేవి కదా, చేసేవాళ్ళు బాగున్నారో లేదో కనుక్కోమన్నారు మిఠాయి కంపెనీవాళ్ళు."

ఇన్నేళ్ళూ అది బూట్ల పాలిష్‌కి పోతుందనుకున్నాడతను. ఒక్కటీ నోట్లో వేసుకోబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం అడౌతో తన అన్నం, చిక్కుడుగింజల గిన్నె పట్టుకుని దూరంగా కూర్చున్నాడు. బెలర్మీనో పక్కన చేరాడు.

"ఏం చెయ్యమంటావురా? పన్నెండు కుటుంబాలు."

"నేనేమన్నా అన్నానా మావా?"

"అనవు. అదే నన్ను తినేస్తోంది."

అడౌతో ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "ఆ రోజు ఆస్పత్రి దాకా నన్ను వీపున మోసింది నువ్వే. అలాంటివాడివి ఆ మాట ఎలా అనగలిగావా అని చూస్తున్నా, అంతే."

బెలర్మీనో లేచాడు. అన్న మాట వెనక్కి తీసుకోవాలి, ఏమైతే అదవుతుందనుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు. ఆవిడ కారు ఎప్పుడో వెళ్ళిపోయింది. అరవై ఏళ్ళ మనిషి మట్టిలో చతికిలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

పక్కనే జెనివల్ మోటార్‌సైకిల్ ఆగింది.

"ఇక్కడున్నావా తాతా? భలే చెప్పావు."

"ఆవిడ ఎక్కడ దిగింది? నేనొకసారి కలవాలి."

"ఆవిడతో నీకేం పని?" జెనివల్ నవ్వాడు. "మన అయ్యగారి మరదలు, బడిపంతులమ్మ. మీరెలా మాట్లాడతారో చూద్దామని నేనే రప్పించా."

బెలర్మీనో తలెత్తాడు.

"అసలు ఆఫీసరమ్మ వచ్చేది రేపు."