చుట్టంకాని ఆఫీసరు

“పన్నెండింటిలోగా కట్టకపోతే కొట్టుకు తాళమే,” అన్నాడు పన్ను ఆఫీసరు తెబావు, కొత్త తాళంకప్పను బల్ల మీద టక్కున పెట్టి.

మికారా ఆ తాళంకప్పను పక్కకు నెట్టింది. దీవికంతటికీ ఉన్నది ఆ ఒక్క రేకుల కొట్టే. ఆవిడ ఇంటిల్లిపాదీ బతికేది దాని మీదే.

“మూడొందల పన్నెండు డాలర్లా! నేనేం అమ్మానని నాయనా అంత పన్ను?”

“దిగిన సరుకు ఓడ కాగితాల్లో ఉంది. మిగిలిన సరుకు మీ అరల్లో ఉంది. తగ్గిందంతా అమ్మినట్టేగా?”

“అమ్మలా. చుట్టాలు పట్టుకెళ్ళారు. బుబుసి అన్నారు, ఆ మాటతో అడిగాక కాదనకూడదుగా, ఇచ్చాను.”

“కొట్లో సరుకు ఊరికే ఇచ్చినా పన్ను లెక్కలో అమ్మకమే, మికారా గారూ.”

“ఒక్క పైసా రాకపోయినా?”

“రాకపోయినా.”

మికారాకు ఒళ్ళు మండింది. “చుట్టం గుమ్మంలోకొచ్చి బుబుసి అని నోరు తెరిచి అడిగితే నువ్వయితే లేదంటావా? లేదన్నవాడి మొహం మీ దీవిలో ఎవరైనా చూస్తారా?”

అలా అడిగితే తెబావు కూడా లేదనలేడు. ఈ దేశంలో పుట్టినవాడెవడూ అనలేడు.

“అందుకే, నాకు చుట్టాలే లేని దీవి చూసి మరీ పంపించారు,” అన్నాడు తెబావు.

మికారా అంత తేలిగ్గా వదిలే రకం కాదు. “మీ అమ్మది ఏ ఊరు?”

“మా అమ్మతో మీకేం పని?”

“పోనీ, మీ తాత పేరు?”

“వరసలు కలపకండి. బుబుసి చెల్లేది చుట్టాల మధ్యే. నేను మీకు చుట్టాన్ని కాను, ఆఫీసర్ని.”

కొబ్బరిబొండం కొట్టిస్తే ముట్టుకోలేదు. చాప వేస్తే కూర్చోలేదు. సరిగ్గా పన్నెండింటికి తలుపు లాగి తాళం వేశాడు. ఆ చప్పుడుకు మికారా గడపలో కూలబడిపోయింది.

“నేను తీసేదాకా ఇందులోది పంచదార పలుకు కదిలినా నేరమే,” అని చెప్పి, అద్దె మోటారుసైకిలెక్కి, తిరుగు ఓడ అందుకోవడానికి రేవు దారి పట్టాడు.

ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు కావడానికి అరగంట చాలు. దూరంగా ఓడ మొదటి కూత వేసింది. ఆ వెంటనే తెబావు చెమటలు కక్కుతూ బండిని తోసుకుంటూ వెనక్కి వచ్చాడు.

“పెట్రోలు అయిపోయింది. రేవు ఇంకా తొమ్మిది మైళ్ళు.” జేబులోంచి నోట్లకట్ట తీశాడు. “ఎంతయినా ఇస్తాను.”

మికారా కళ్ళు తుడుచుకుంది. “కొట్లోది కదిలితే నేరమన్నావుగా ఆఫీసరు గారూ.”

“ఇంట్లో లేదా?”

“ఉంది. మా ఆయన చేపల పడవకి. అది అమ్మేది కాదు.”

“అయితే ఊరికే ఇవ్వండి!”

“ఊరికే చుట్టాలకిస్తాం. నువ్వెవరివి?”

ఓడ రెండో కూత వేసింది. మూడో కూతకి లంగరు లేస్తుంది. మళ్ళీ ఓడ వచ్చేది మూడు వారాలకి. అన్నం పెట్టే చుట్టం లేడు. ఉన్న ఒక్క కొట్టుకూ తాళం తానే వేశాడు. తెబావు నోట్లకట్ట మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“పెద్దమ్మా,” అన్నాడు తలవంచుకుని. “బుబుసి.”

మికారా ఇంట్లోంచి పెట్రోలు డబ్బా తెచ్చి, చుక్క ఒలక్కుండా తనే పోసింది. బండి ఒక్క తన్నుకే అందుకుంది. తెబావు మొహంలోకి ప్రాణం వచ్చింది.

అప్పుడు మికారా హ్యాండిల్ మీద చెయ్యి వేసింది.

“ఇప్పుడు పెద్దమ్మ వంతు, నాయనా. బుబుసి.”

తెబావు రేవు వైపు చూశాడు. “ఏం... ఏం కావాలి?”

“మూడొందల పన్నెండు డాలర్లు,” అంది మికారా. “రసీదు మాత్రం నా పేరు మీదే రాయి.”