ఇరవై ఏడో నంబరు

"ఇంత చెత్త అతుకు నీ చేతిదేనా, తూరిద్?"

ఇన్‌స్పెక్టర్ హెల్గె బల్ల మీది ఇనుప ముక్కని ఆమె ముందుకు తోశాడు. అడుగు పలక మీద ఇంకో పలక నిలబెట్టి, మూల వెంబడి అతికిన ముక్క అది. గ్రైండర్‌తో పైపైన తీసి చూస్తే అతుకంతా తూట్లే. పక్కనే సుత్తితో కొట్టిన అంకె: ఇరవై ఏడు. తూరిద్ నంబరే.

ఓడల యార్డులోని పైపుల వర్క్‌షాపులో ఖాయమైన ఉద్యోగం ఒక్కటే ఉంది. పోటీలో మిగిలింది తూరిద్, ఓడ్వార్. నిన్న ఇద్దరూ ఓడ డెక్కు మీద వెల్డింగ్ రాడ్డుతో చెరో ముక్క అతికారు. ఓడినవాళ్ళకి శుక్రవారంతో యార్డులో పని ఆఖరు.

"నంబరు నాదే. అతుకు నాది కాదు," అంది తూరిద్.

"భలేదానివే! నంబరు దానంతటదే నడిచొచ్చి కూచుందా?"

పక్కనే ఓడ్వార్ కాఫీ మగ్గు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. పదకొండేళ్ళ కిందట ఆమె చేత మొదటిసారి రాడ్డు పట్టించింది అతనే. "ఈ పుర్రచేతి పిల్లకి నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది" అని ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తాడు.

"ఆ పిల్ల అబద్ధమాడదు హెల్గె," అన్నాడతను. "నిన్న కాంట్రాక్టువాళ్ళు వైర్ వెల్డింగ్ మిషన్ డెక్కు మీదే వదిలేసి పోయారు. ఎవడో దానితో కెలికి ఉంటాడు."

తూరిద్‌కి కళ్ళు చెమర్చాయి. తోడబుట్టిన అన్నయినా ఇలా వెనకేసుకొస్తాడా?

"అన్న చెప్పిందే నిజం," అంటూ ముక్క మీదికి వంగింది. "రాడ్డుతో అతికితే పైన పెంకు కడుతుంది. ఎంత గీకినా సందుల్లో కాస్త నల్లగా మిగులుతుంది. ఇక్కడ పిసరైనా ఉందా? వైర్ మిషన్‌కి పెంకు ఉండదు, కరిగిన ఇనుముకి గాలి తగలకుండా గ్యాసే గొడుగు. నిన్నటి సముద్రపు గాలికి నా టోపీయే ఎగిరిపోయింది, ఇక గ్యాస్ నిలుస్తుందా? అందుకే ఈ తూట్లు. రేపు పైపుల మీద టిగ్ వెల్డింగ్ పట్టాల్సినదాన్ని, ఏది ఎక్కడ వాడాలో నాకు తెలీదా? వైర్ దానంతటదే వస్తుంది, మీట నొక్కితే చాలు. డెక్కు మీద దాన్ని తీశాడంటే వాడికి చెయ్యి నిలవక రాడ్డు పట్టడం కుదరనట్టే."

"మరి నీ నంబరు స్టాంపు ఎవడి చేతికి పోయింది?"

"కాఫీ గంట కొట్టారు. నా నంబరూ కొట్టేయమని స్టాంపు అన్నకిచ్చి వెళ్ళాను."

అదేం వింత కాదు, యార్డులో అందరూ చేసే పనే.

"కొట్టాను," అన్నాడు ఓడ్వార్ గబగబా. "స్టాంపు అక్కడే పెట్టి నేనూ కాఫీకొచ్చేశాను. ఆ సందులోనే ఎవడో నీ ముక్క మాయం చేసి దీన్ని పెట్టాడు."

తన నంబరు దొంగిలించి తన కూడు లాగేసుకునే నీచుడు ఈ యార్డులోనే, తనతో కూచుని రొట్టె తింటూ ఉన్నాడు. తూరిద్ ఆ ముక్కని పక్కకి నెట్టేసింది.

"అసలు రాడ్డు అతుకంటే ఎలా ఉంటుందో చూపిస్తా రా, హెల్గె. ఓడ్వార్ అన్న అతికిన ముక్క చూడు."

"ఇప్పుడదెందుకులే," అన్నాడు ఓడ్వార్. "కాఫీ చల్లారిపోతోంది."

ఆమె అప్పటికే ఓడ్వార్ నంబరు, పన్నెండు, కొట్టి ఉన్న ముక్కని దగ్గరికి లాక్కుంది. అతుకు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పొందికగా పరుచుకుని ఉంది.

"ఈ పొలుసులున్నాయే, ఇవి చెయ్యి ఎటు సాగిందో చెబుతాయి. కుడిచేతివాళ్ళవి ఎడమ నుంచి కుడికి..."

పొలుసుల వెంట జరుగుతున్న ఆమె వేలు ఆగిపోయింది. అవి కుడి నుంచి ఎడమకి ఉన్నాయి.

తూరిద్ తలెత్తి ఓడ్వార్ వైపు చూసింది. అతను మగ్గులోకి చూస్తున్నాడు.

ఆ యార్డు మొత్తంలో ఎడమచేత్తో రాడ్డు పట్టేది తూరిద్ ఒక్కతే.