రైవో ఏరిన తొమ్మిది

"ఐదు లక్షల్లో ఒక్కటి కూడా దొరకలేదా తల్లీ?" అన్నాడు రైవో.

"లేదు," అంది మారెట్.

టార్టూ నగరంలోని ఆ జన్యు పరిశోధనశాలలో ఇద్దరికీ అది పరీక్ష రోజు. పార్శ్వపు తలనొప్పి ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు కలిసి కొన్ని వేలమంది. ఒక్కొక్కరి రక్తంలో చూసిన జన్యు గుర్తులు ఐదు లక్షలు. వాటిలో నొప్పితో సంబంధం ఉన్నవేవో లెక్కగట్టి ఏరాలి. ఎవరి పద్ధతి నెగ్గితే వాళ్ళకి, దేశమంతటా జరగబోయే పెద్ద అధ్యయనం. రైవోకి అది పేరు. మారెట్‌కి అన్నం. ఆమె ఉద్యోగం ఈ నెలతో సరి.

ఇద్దరికీ ఈ రక్తపరీక్షల సమాచారం ఇచ్చి, గెలుపు తేల్చబోయే పెద్దావిడ హెల్వె, నల్ల రొట్టె మీద వెన్న రాసుకుంటూ వింటోంది.

రైవో తొమ్మిది గుర్తులు ఏరాడు. ప్రతిదానికీ ఒక కారణం చెప్పాడు.

"ఇది రక్తనాళాలది. నాళం బిగిస్తే నొప్పి రాదూ? ఇది ముక్కుది. సెంటు వాసనకే కొందరికి తల పగిలిపోతుంది. ఇది పేగుది. కడుపు బాగోకపోతే తల బాగుంటుందా?"

దేవుడు మనిషిని చేస్తున్నప్పుడు పక్కన కుర్చీ వేసుకుని చూసినవాడిలా చెప్పాడు. గదిలో ఉన్న మిగతా పరిశోధకులందరూ తలలూపారు.

తరవాత మారెట్ వైపు తిరిగాడు.

"నువ్వేమో ప్రతి గుర్తుకీ లెక్కలో కొంత బలం కోసేసి జరిమానా వేస్తావు. తట్టుకున్నదే మిగలాలంటావు. చివరికి ఏదీ మిగల్లేదు. ఇది పరిశోధనా, ఇల్లు ఊడవడమా?"

గదిలో నవ్వులు.

"కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా ఏదో ఒకటి తగిలేది కదమ్మా."

"తగులుతుందండీ. అందుకే తీసుకోలేదు."

"పొగరుకి మాత్రం లోటు లేదు."

హెల్వె రొట్టె పక్కన పెట్టింది. "రైవో, ఈ తొమ్మిదీ ఖాయమేనా?"

"నా పేరుతో అచ్చు వేయించెయ్యండి."

"ఇంకోసారి చూసుకుంటావా?"

"ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే ఇంకా చూసేదేముందండీ?"

"సరే. పెద్ద అధ్యయనం మారెట్ చేస్తుంది."

రైవో మొహం మాడిపోయింది. "ఏమీ దొరకని మనిషికా?"

"దొరకడానికి అందులో ఏముంది నాయనా," అంది హెల్వె, "తలనొప్పి ఎవరికుందో ఎవరికి లేదో ఆ వరసంతా పేకముక్కల్లా కలిపేసి మరీ మీ ఇద్దరికీ ఇచ్చాను."