మొదటి ముక్క

అసలు మరదలికి నోటి మీద కాస్త అదుపుంటే ఇంత దూరం వచ్చేదే కాదు, అనుకుంది ఆవిడ గరిటె తిప్పుతూ.

పొయ్యి మీద అడుగు మందంగా ఉన్న గిన్నెలో పంచదార, పాలు, వెన్న కుతకుతలాడుతున్నాయి. పక్కనే అమ్మ వంటల నోటుబుక్కు, చివరి పేజీలో టాఫీ. సెలవులకి తమ్ముడింట్లో అందరూ కలిసినప్పుడల్లా ఈ టాఫీ ఉండాల్సిందే. చెయ్యాల్సింది కూడా తనే. "నీ చెయ్యి పడితేనే అక్కా దీనికా రుచి" అంటాడు తమ్ముడు. ఇరవై ఏళ్ళుగా అదే మాట.

నిజమే మరి. ఇంకెవరి చేతికొస్తుంది?

పోయినేడు మేనకోడలు ఒకబ్బాయిని భోజనానికి పిలిచింది. పెళ్ళి చేసుకుందామనుకున్న అబ్బాయి. పాపం, సగం తిని, ఫోనొచ్చిందని లేచి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. పిల్ల నెల రోజులు గదిలోంచి బయటికి రాలేదు. అంతా మరదలి నిర్వాకం. "ఇంకాస్త వడ్డించనా బాబూ, ఇంకాస్త వడ్డించనా బాబూ" అని ఎన్నిసార్లు అడ్డొచ్చిందో! తను చెప్పే మంచి మాట ఒక్కటీ పూర్తి కానిస్తేగా.

ఇవాళ ఇంకో అబ్బాయి వస్తున్నాడు. నెమ్మదస్తుడట. ఇదీ చెడిందంటే ఇక పెళ్ళి ఊసే ఎత్తొద్దని పిల్ల తెగేసి చెప్పింది.

అందుకే ఆవిడ ఈసారి ఒక ఉపాయం ఆలోచించింది.

అమ్మ రాసింది: 'రంగు మారాక వంద లెక్కపెట్టి దించు. మనసులోనే లెక్కపెట్టు. పెదవి కదిపావో, పాకం చెడిపోతుంది.' వందకే దించినా టాఫీ పళ్ళకి బంకలా అతుక్కుంటుంది. మరి నూట నలభైకి దించితే? మరదలి పై దవడా కింది దవడా ఒకటైపోవూ!

నవ్వొచ్చింది. గబుక్కున పెదవులు బిగించింది. పాకం రంగు మారుతోంది. ఒకటి, రెండు, మూడు...

మేనకోడలు గుమ్మంలోకి వచ్చింది. "అయిందా అత్తా?"

ఆగమని చెయ్యి చూపించింది ఆవిడ. డెబ్భై ఒకటి, డెబ్భై రెండు...

"తొందరేం లేదులే. నిదానంగానే కానీ." పిల్ల గుమ్మానికి ఆనుకుని, ఎందుకో హాయిగా కళ్ళు మూసుకుంది.

నూట నలభై. ఆవిడ గిన్నె దించి, వెన్న రాసిన పళ్ళెంలో పాకం పోసి, గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

"ఇదిగో చూడు, ఇవాళ మీ అమ్మని నోరు విప్పనివ్వను. ఆ అబ్బాయి సంగతి నేను చూసుకుంటాగా. నువ్వు నిశ్చింతగా ఉండు."

"నువ్వు టాఫీ సంగతి చూడత్తా, చాలు."

పాకం చల్లారి, ముక్కలు కోసేసరికి ఆ అబ్బాయి వచ్చేశాడు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. భోజనం తీపితో మొదలవ్వాలన్నది అమ్మ పెట్టిన పద్ధతి. అబ్బాయి కళ్ళజోడు సర్దుకున్నాడు. కుదురైనవాడే. కానీ ఆ భుజాలేమిటి, అలా వంగిపోయాయి?

"ఏం బాబూ, ఆ భుజాలు..."

"అక్కా, ముందు టాఫీ!" అన్నాడు తమ్ముడు.

అదీ నిజమే. ఆవిడ పళ్ళెంలోంచి అన్నిటికన్నా పెద్ద ముక్క తీసి, మరదలి నోటి దాకా తీసుకెళ్ళింది.

మరదలు ఆ చేతిని మెల్లగా వెనక్కి తిప్పింది. "ముందు మీరు వదినా. అత్తయ్యగారి మాట మర్చిపోయారా? చేసిన చేతికే మొదటి ముక్క."

మర్చిపోలేదు. పేజీ అడుగున అమ్మ ఆ మాట రాసి, కింద రెండు గీతలు కూడా గీసింది. "ఇది నీకోసమే రాశానే, ఇంకెవరికీ కాదు" అంటూ నోటుబుక్కు తన చేతిలో పెట్టింది.

అందరూ తనవైపే చూస్తున్నారు. తమ్ముడు, మరదలు, పిల్ల. ఎంత ఆప్యాయంగా చూస్తున్నారో! ఆవిడకి కళ్ళు చెమర్చాయి. మరదలికి రెండో ముక్క పెడితే పోయేదేముంది? అమ్మ మాట అమ్మ మాటే.

ఆవిడ ఆ ముక్కని నోట్లో వేసుకుని గట్టిగా కొరికింది.

తమ్ముడు గోడ గడియారం వైపు చూసి, కుర్చీ ముందుకి జరుపుకుని, ఆ అబ్బాయితో అన్నాడు: "ఈసారి పాకం బాగా ముదిరినట్టుంది, ఎంత లేదన్నా అరగంట టైముంది బాబూ, ఇక నిదానంగా చెప్పు నీ సంగతులు."